అటకెక్కిన టీవీలో ఆఖరి పాట

మా అక్క హైమావతి ఆ సాయంత్రం నవ్విందా, నవ్వలేదా? ఈ సందేహం ముప్పై ఏళ్ళుగా నాతో ఉంది. ప్రతి శుక్రవారం దేవుడి ముందు దీపం పెట్టి, ఇంటిల్లిపాది క్షేమం అడిగాక, చివర్లో ఇదొకటి అడుగుతాను. స్వామీ, నువ్వు అన్నీ చూస్తావంటారు కదా, అదీ చూసే ఉంటావు, ఒక్కసారి చెప్పరాదా అని. ఆయన చెప్పలేదు. చూసి కూడా చెప్పని సాక్షిని ఏమనాలో నాకు తెలియదు. పూజ మాత్రం మానలేదు.

మాది చీరాలలో పేరాల వైపు. నా పేరు సాంబశివం. పదో తరగతితో చదువు ఆపి పిండిమర పెట్టుకున్నాను. నేను చెప్పే సంగతి జరిగినప్పుడు నాకు పదమూడేళ్ళు, అక్కకి పదిహేడు.

ఆ రోజుల్లో మా ఊరి కేబుల్లో శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి పాటల కార్యక్రమం వచ్చేది. సినిమా పాటలతో పాటు, మా ఊరి ఫోటో స్టూడియో ఆయన సొంతంగా తీసిన పాటలు కూడా వేసేవాళ్ళు. ఆర్కెస్ట్రాలో పాడే అమ్మాయి చేత పాడించి, ఓడరేవు ఒడ్డున తీసిన పాట ఒకటి ఉండేది. ఊరంతా దాని కోసం పడి చచ్చేది. కావలసిన పాట కార్డు మీద రాసి పంపాలి. ఒకే పాట అడిగిన కార్డులన్నీ పేటలవారీగా పేర్చి, రబ్బరు బ్యాండు వేసి, పేర్లు వరసగా చదివి, అప్పుడు పాట వేసేవాళ్ళు.

ఆ వారం ఓడరేవు పాటకి పంతొమ్మిది కార్డులు వచ్చాయి. మా పేట నుంచి రెండే. ఒకటి అక్కది. రెండోది మందుల షాపులో పనిచేసే కరుణాకర్ అనే అబ్బాయిది. అతనెవరో అక్కకి తెలియదు. టీవీలో కార్డులు చదివే అమ్మాయి "పేరాల నుంచి హైమావతి, కరుణాకర్" అని చదివి పక్క పేటకి వెళ్ళిపోయింది.

కార్డులు అలా కట్ట కడతారని ఊళ్ళో అందరికీ తెలుసు. మా నాన్నకీ తెలుసు. అయినా మంచం మీద నుంచి లేచాడు. "వాడి పేరుతో కలిపి చదివితే నవ్వింది. నా కళ్ళతో చూశాను" అన్నాడు. అక్కని జుట్టు పట్టుకుని వెనక వసారాలోకి ఈడ్చుకెళ్ళాడు. అమ్మ వాళ్ళ వెనక పరిగెత్తింది. గదిలో నేనూ టీవీ మిగిలాం. వసారాలో దెబ్బలు వినబడుతూనే ఉన్నాయి. నేను కూర్చుని పాట మొత్తం చూశాను.

పాట అయ్యాక నాన్న వచ్చి టీవీ తీగ పీకేశాడు. మర్నాడు పొద్దున పంపు దగ్గర ముఖం కడుక్కుంటూ అక్క నన్ను పిలిచింది. పెదవి వాచిపోయి ఉంది. నాన్న వింటాడేమోనని మెల్లగా అడిగింది.

"పాట ఎలా ఉందిరా?"

"తర్వాత చెబుతానక్కా" అన్నాను. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు.

ఇంటర్ పరీక్షలు నెల ఉన్నాయనగా అక్క చదువు మాన్పించారు. నలభై రోజుల్లో వేటపాలెంలో భార్య పోయిన ఒకాయనకిచ్చి పెళ్ళి చేశారు. ఆయన చెడ్డవాడు కాదు, ముసలివాడు. పదేళ్ళకి పోయాడు. ఆ నలుపు తెలుపు టీవీని దుప్పట్లో చుట్టి అటక మీదకి తోశారు. దాన్ని మళ్ళీ ఎవరూ వెలిగించలేదు.

ఎనిమిదేళ్ళ కిందట నాన్న పోయేముందు ఆసుపత్రి మంచం మీద నా చెయ్యి పట్టుకున్నాడు. "ఒరేయ్ సాంబా, ఆ రోజు అది నవ్విందంటావా?" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తన కళ్ళతో చూశానని ఒక ఆడపిల్ల బతుకు తిప్పేసి, ఇరవై రెండేళ్ళ తర్వాత నన్నడుగుతాడా? నేను జవాబు చెప్పలేదు. ఆయన వెళ్ళిపోయాడు, ఆ ప్రశ్న నా నెత్తిన పెట్టి.

*

ఈ ఏడు వేసవి మొదట్లో మా వీధిలో మైకు పెట్టుకుని ఆటో తిరిగింది. పాత డబ్బా టీవీలు కొంటాం, పాడైనా సరే, ట్యూబు పగలకుంటే చాలు అని. మర దగ్గర పిండి కోసం వచ్చినవాళ్ళు చెప్పారు. రైల్వే గేటు అవతల పాత పొగాకు గోడౌనులో ఏదో ప్రయోగశాల పెట్టారట. పాత టీవీ గాజులోంచి అప్పట్లో వచ్చిన పాటల కార్యక్రమాలు మళ్ళీ బయటికి తీస్తున్నారట. ఫోన్లలో అవి చూసి జనం కళ్ళ నీళ్ళు పెట్టుకుంటున్నారు. బంగారం లాంటి శుక్రవారాలు అంటున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా మర హోరులో కూడా నాకు వసారాలో దెబ్బలే వినబడేవి.

సంగతేమిటో చూద్దామని వెళ్ళాను. గోడౌనులో ఇంకా పొగాకు వాసన పోలేదు. అక్కడ పని చూసే అమ్మాయి పేరు నస్రీన్. గుంటూరు పిల్ల, ముప్పై దాటి ఉంటాయి. ఆ యంత్రం తన ఆలోచనేనని తర్వాత తెలిసింది. నేను వెళ్ళేసరికి ఎవరిదో ట్యూబు ఇనప పెట్టెలో బిగిస్తోంది. మూత వేసి మీట నొక్కింది. సన్నటి ఎర్ర వెలుగు గాజు మీద కుట్టుమిషను సూదిలా టకటకా నడిచింది. పక్కనున్న తెర మీద గీత తర్వాత గీతగా ఎవరో హీరో మెట్లు దిగి వచ్చాడు.

"టీవీ వెలిగినప్పుడల్లా లోపలి పూత మీద బొమ్మ ముద్ర పడుతుంది అంకుల్" అంది. "ఒకదాని మీద ఒకటి పడి, చాలా మటుకు కలగాపులగం అయిపోతాయి. ఆఖరిసారి వెలిగిన గంటో రెండు గంటలో మాత్రం శుభ్రంగా ఉంటాయి."

"మరి పాట వినబడదేం?"

"శబ్దం గాజులో పడదు కదా. సినిమా పాటలైతే ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. మా శశాంక్ సార్ తెచ్చి అతికిస్తారు."

గోడకి ఒక ఫోటో అంటించి ఉంది. మసకగా ఒక గది. నవారు మంచం మీద ఒక ముసలమ్మ చేటలో బియ్యం ఏరుతూ, నోరు తెరిచి మన వైపే చూస్తోంది.

"ఇదెవరమ్మా?"

నస్రీన్ మీట వదిలి ఫోటో వైపు తిరిగింది. "ఒకసారి పొరపాటున ట్యూబు తిరగేసి బిగించాను. అప్పుడు వచ్చింది. టీవీ చూసేవాళ్ళ మీద పడ్డ వెలుతురు తిరిగి వచ్చి గాజు బయటి వైపు ఉండిపోతుంది. ఆవిడ ఎవరో నాకూ తెలీదు."

అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. "అంటే, ఆఖరిసారి టీవీ చూసిన మనుషుల ముఖాలు కనిపిస్తాయా?"

"కనిపిస్తాయి. కానీ ఒక వైపు చదివితే ఆ వేడికి రెండో వైపు చెరిగిపోతుంది. లోపలి బొమ్మ కావాలా, బయటి మనుషులు కావాలా, ఏదో ఒకటే."

నేను అటక మీద టీవీ సంగతి చెప్పాను. ఓడరేవు పాట అనగానే వెనక గదిలోంచి ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు. అతనే యజమాని శశాంక్. పాతికేళ్ళుంటాయి.

"ఆ పాట మీ ట్యూబులో ఉందా అండీ? స్టూడియోవాళ్ళ టేపులు బూజు పట్టి పోయాయి. పాడినావిడ కూడా లేరు. ప్రపంచంలో ఇంకెక్కడా లేదండీ అది."

"నాకు పాట అక్కర్లేదు. బయటి వైపు చదవాలి."

అతను నవ్వాడు. "ముఖాలెవరు చూస్తారండీ? మీ ఇంట్లోవాళ్ళవి మీరు చూసుకోవాలి. పాటైతే ఊరంతా చూస్తుంది. ఆ రోజులు మళ్ళీ వస్తాయా చెప్పండి. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని, ఒక పాట కోసం వారమంతా ఎదురుచూసి…"

"బాబూ, ఆ శుక్రవారాల నాటికి నువ్వు పుట్టావా?"

"లేదండీ. అదే నా బాధ."

"పుట్టినవాళ్ళ బాధ నేను చెబుతా, విను" అని చెప్పాను. జుట్టు పట్టుకోవడం దగ్గర్నుంచి నలభై రోజుల పెళ్ళి దాకా. నా గొంతు పెరిగిపోయింది. "మీ తెర మీద ఆ పాట చూసి ఏడ్చేవాడికి మా వసారా కనబడుతుందా? ఆ కార్యక్రమం చూసిన ప్రతి ఇంటికీ ఒక వసారా ఉందయ్యా. దాన్ని చెరిపేసి బంగారం అని అమ్ముకుంటున్నారు మీరు."

శశాంక్ తల వంచుకున్నాడు. కానీ వ్యాపారస్తుడు కదా. "పోనీ, లోపలి వైపే ఇస్తే మీరడిగింది ఇస్తాను" అన్నాడు.

"ట్యూబు ఆయనది సార్" అంది నస్రీన్, పని ఆపకుండా. "ఏ వైపు చదవాలో ఆయన చెబుతారు. బుధవారం పదకొండింటికి తీసుకురండి అంకుల్."

*

ఆ సాయంత్రమే వేటపాలెం వెళ్ళాను. అక్క అక్కడ కాలేజీ పిల్లలకి మెస్ నడుపుతుంది. ఏడాదికి యాభై అరవై మంది ఇంజనీర్లు ఆమె చేతి పప్పు తిని బయటికి వెళ్తారు. అక్క కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది.

"అక్కా, నువ్వు ఆ రోజు నవ్వలేదని రుజువు దొరకబోతోంది" అని మొత్తం చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను.

అక్క తల ఎత్తలేదు. "రుజువు ఎవరికిరా?"

"అందరికీ."

"అందరంటే? నాన్న పోయాడు. అమ్మ పోయింది. మా ఆయన పోయాడు. ఇంకెవరున్నారు, నువ్వేగా."

"నేను నిన్నెప్పుడూ అనుమానించలేదక్కా."

"అనుమానం లేనివాడికి మిషనెందుకు?"

అంతలో గుమ్మం దగ్గరికి ఒక అమ్మాయి కంచం పట్టుకుని వచ్చింది. "ఆంటీ, గోంగూర ఇంకొంచెం ఉందా?"

"ఉందమ్మా. నెయ్యి కూడా వేసుకో, రేపు పరీక్ష అన్నావుగా" అని లేచి వడ్డించి వచ్చింది. మళ్ళీ కత్తిపీట ముందు కూర్చునేసరికి ఆ మెత్తని గొంతు ఎక్కడికి పోయిందో.

"నవ్వలేదు నాన్నా అని ఆ రోజే చెప్పాను. పెదవి పగిలేదాకా చెబుతూనే ఉన్నాను. మనిషినయ్యుండి నోటితో చెబితే చాల్లేదు. ఇప్పుడు గాజుముక్క చెబితే నమ్ముతారు. అంతేగా?"

"అది కాదక్కా…"

"సరే, నవ్వాననే అనుకో. కార్డు రాసి మూడు వారాలు ఎదురుచూశాను. నా పేరు టీవీలో వచ్చింది. పదిహేడేళ్ళ పిల్లని, నవ్వాననే అనుకుందాం. అప్పుడు నాన్న కొట్టింది న్యాయం అయిపోతుందా? చదువు మాన్పించింది న్యాయమేనా? చెప్పరా. ఏం తేల్చుకుందామని పోతున్నావు నువ్వు?"

ముప్పై ఏళ్ళుగా దేవుణ్ణి నేను అడిగిన ప్రశ్నే తప్పేమో. అందుకే ఆయన జవాబు చెప్పలేదేమో. ఈ మాట అక్కతో అనే ధైర్యం లేక వంకాయ ముక్కలు నీళ్ళలో వేస్తూ కూర్చున్నాను.

"నన్ను లాక్కుపోయాక ఆ గాజులో ఎవరు కనిపిస్తారో ఆలోచించావా?" అంది అక్క.

"ఆలోచించాను."

"నువ్వే. బాసింపట్టు వేసుకుని పాట చూస్తూ."

"అవునక్కా."

"చిన్నపిల్లాడివని అప్పుడే వదిలేశాను. ఒక్కటే మనసులో ఉండిపోయింది. పాట ఎలా ఉందో చెబుతానన్నావు, చెప్పలేదు." కత్తిపీట మడిచింది. "బుధవారం నేనూ వస్తాను. ఆ పూట వంట ఎవరికైనా అప్పజెబుతాలే."

*

బుధవారం టీవీని దుప్పటితోనే ఆటోలో పెట్టుకుని వెళ్ళాం. దారిలో అక్క దాని మీద ఒక చెయ్యి వేసి కూర్చుంది, కుదుపులకి పడిపోకుండా. నస్రీన్ వెనక చెక్క విప్పి, ట్యూబు తీసి, మెత్తటి గుడ్డతో తుడిచింది. ముప్పై ఏళ్ళ దుమ్ము నల్లగా వచ్చింది.

"ఏ వైపు ఆంటీ?" అని అడిగింది.

"లోపలి వైపమ్మా."

"అక్కా, ఒక్కసారి ఆలోచించు. నీ ముఖం మళ్ళీ దొరకదు."

"నా ముఖం నా దగ్గరే ఉందిరా."

శశాంక్ చేతులు జోడించాడు. "చాలా థ్యాంక్సండీ."

"నీకోసం కాదు బాబూ" అంది అక్క. "ఆ పాట కార్డు రాసి అడిగింది నేను."

నస్రీన్ మీట మీద చెయ్యి పెట్టి నా వైపు చూసింది. ట్యూబు నాది. వద్దంటే ఆగేది. ఆ సూది నడిస్తే నాన్న చూసింది నిజమో అబద్ధమో ఇంకెప్పటికీ తేలదు. నా దగ్గర మిగిలేది అక్క నోటి మాటొక్కటే. ఆ మాట ముప్పై ఏళ్ళ కిందటే నా దగ్గర ఉంది. దాన్ని తీసుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

"కానివ్వమ్మా" అన్నాను.

ఎర్ర సూది నడిచింది. తెర మీద మొదట ఒక కర్టెను వచ్చింది, దాని ముందు ప్లాస్టిక్ పూలకుండీ, కుర్చీలో ఆ అమ్మాయి, చేతిలో కార్డుల కట్ట. ఆమె పెదవులు కదులుతున్నాయి. పంతొమ్మిది పేర్లు. అక్క పేరు ఎప్పుడొచ్చి ఎప్పుడు వెళ్ళిందో మాకు తెలియలేదు. అక్క రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కదలకుండా చూస్తోంది.

తర్వాత సముద్రం వచ్చింది. లంగావోణీలో పిల్ల అలల వెంట వెనక్కి వెనక్కి నడుస్తోంది. కెమెరా పట్టుకున్నాయన కూడా ఇసకలో నడుస్తున్నాడేమో, ఆకాశం అటూ ఇటూ ఊగుతోంది. బోటు మీద వలలు. మధ్యలో ఒక కుక్క అడ్డంగా పరిగెత్తింది. దాన్ని తీసెయ్యకుండా అలాగే ఉంచేశారు. అన్నీ నాకు గుర్తున్నట్టే ఉన్నాయి. రెండో చరణం దగ్గర పిల్ల గవ్వ ఏరి చెవి దగ్గర పెట్టుకుంటుంది. సరిగ్గా అక్కడే ఆ రోజు వసారాలో చప్పుడు ఆగింది. పాట నాకు గుర్తుండిపోవడానికి కారణం పాట కాదు.

పాట మూగగా మొదలై మూగగా అయిపోయింది.

"బొమ్మ అద్భుతంగా వచ్చింది" అన్నాడు శశాంక్. "ట్యూన్ తెలిసినవాళ్ళు ఒక్కరు దొరికితే చాలు."

అక్క కుర్చీలో నా వైపు తిరిగింది.

"పాట ఎలా ఉందిరా?" అంది.

ఆ రోజు పంపు దగ్గర అడిగిన మాటే, అంత మెల్లగానే. నస్రీన్‌కి ఏం అర్థమైందో, బొమ్మని మళ్ళీ మొదటికి తిప్పింది. నా గొంతు భజనలకి అలవాటుపడ్డ గొంతు. పైగా పిండి దుమ్ము. రెండుసార్లు సవరించుకున్నాను.

"అల వచ్చి అడిగింది, ఈ అడుగెవరిదని,
ఇసుకమ్మ చెప్పలేదు, తనలో దాచుకుని…"

శశాంక్ జేబులోంచి ఫోను తీశాడు. "అది లోపల పెట్టు నాయనా" అంది అక్క, తెర మీద నుంచి చూపు తిప్పకుండా. "బొమ్మ నువ్వు తీసుకో, ఊరంతటికీ చూపించుకో. ఇది నాది." అతను మారు మాట్లాడకుండా పెట్టేశాడు.

పల్లవి తప్పలేదు. ఎందుకు తప్పుతుంది? ముప్పై ఏళ్ళుగా ఏ పని చేస్తున్నా లోపల అదే తిరుగుతోంది. ఒక్కసారి కూడా పైకి అనలేదంతే. సముద్రం ఊగింది. బోటు వచ్చింది. కుక్క అడ్డంగా పరిగెత్తిన చోట, పక్క కుర్చీలో చిన్న చప్పుడైంది. అది నవ్వో, ఏడుపో.

నేను అటు తిరిగి చూడలేదు. రెండో చరణం ఇంకా బాకీ ఉంది. పిల్ల గవ్వని చెవి దగ్గర పెట్టుకుంది, నేను గొంతు పెంచి అదీ చివరిదాకా పాడాను.